సూర్యుడి అయస్కాంతం, మనకందే వెలుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి అన్న నాకు ఫోన్ చేసి, "సోలారు ప్లాంట్లలో పని చేస్తున్నావు గదా, సూర్యుడి గురించి ఒక అరగంట మాట్లాడు. పలకల ధరలు, సబ్సిడీలు మాత్రం వద్దు" అన్నారు. సబ్సిడీల సంగతి ఎవరైనా అడుగుతారేమోనని కాగితం జేబులో పెట్టుకునే వచ్చాను. అది భోజనాల దగ్గర చూసుకుందాం. ఇక్కడ ఒక్క విషయమే చెబుతాను. సూర్యుడు ఇచ్చే వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉంటుందా? ఉండకపోతే ఎంత మారుతుంది, ఎందుకు మారుతుంది?

ఏమీ తోచనివాళ్లు అడిగే ప్రశ్న అనుకోవద్దు. ఈ మధ్య ఇదే ప్రశ్న నన్ను మూడు రకాలుగా అడుగుతున్నారు. "సూర్యుడి మీద మచ్చలు పెరిగాయట, మన ప్లాంటులో కరెంటు తగ్గుతుందా?" అని ఆఫీసులో. "ఎండలు ఇలా ముదరడం సూర్యుడి పనేనంట, మన పొగ వల్ల కాదంట గదా" అని వాట్సాప్ గ్రూపుల్లో, అందులో మన బడి గ్రూపు కూడా ఉంది. "వానలకూ ఆ మచ్చలకూ ఏమన్నా సంబంధముందా నాయనా" అని ఊళ్లో పెద్దలు. మూడోది వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, మూడింటిలో ఎక్కువ చరిత్ర ఉన్నది దానికే. ఆ చరిత్ర మన కరువు సీమ గుండా పోతుంది కూడా.

ముందు లెక్క. భూమి ఉన్న సగటు దూరంలో, గాలి పొరకు పైన, సూర్యుడికి ఎదురుగా ఒక చదరపు మీటరు పలక పెడితే దాని మీద 1361 వాట్లు పడతాయి. మనం చదువుకున్న పుస్తకాల్లో దీన్ని సౌర స్థిరాంకం అన్నారు. స్థిరాంకం అన్నది కొంచెం తొందరపడి పెట్టిన పేరు. పదకొండేళ్లకు ఒకసారి ఆ అంకె సుమారు ఒక వాట్ పెరిగి, మళ్లీ ఒక వాట్ తగ్గుతుంది. అంటే వెయ్యికి ఒకటి, 0.1 శాతం.

ప్లాంటు ప్రశ్నకు జవాబు ఇక్కడే అయిపోయింది. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు కాబట్టి జనవరి మొదట్లో మనం సూర్యుడికి కొంచెం దగ్గరగా, జులై మొదట్లో కొంచెం దూరంగా ఉంటాం. ఆ తేడా వల్లనే 1361 అన్నది జనవరిలో 1400 దాటుతుంది, జులైలో 1320 లోపుకు దిగుతుంది. ఏటా దాదాపు ఏడు శాతం ఊగే దాని ముందు 0.1 శాతం ఎంత? మా ప్లాంటులో పలకల మీద రెండు రోజులు దుమ్ము కడగకపోతే అంతకంటే ఎక్కువ పోతుంది. ఎండను కొలవడానికి మేం పెట్టుకునే పైరనోమీటరు మంచిదైనా ఒకటి రెండు శాతం అటూ ఇటూ చెబుతుంది. నేల మీద నిలబడి ఆ ఒక్క వాట్‌ను పట్టుకోవడం మా వల్ల కాదు.

మరి ఆ ఒక్క వాట్ కోసం ఇంత ప్రసంగం ఎందుకు? అదెక్కడి నుంచి వస్తోందో వెతుకుతూ పోతే సూర్యుడి లోపలి యంత్రమంతా బయటపడుతుంది గనక. నాలాంటి కరెంటు మనిషికి అది తెలిసిన యంత్రంలా కూడా కనబడుతుంది.

సూర్యుడి మీద నల్లటి మచ్చలున్నాయని గెలీలియో దుర్భిణితో చూసి చెప్పిన తరవాత రెండు వందల ఏళ్లకు పైగా వాటికో లెక్క ఉందని ఎవరికీ తోచలేదు. జర్మనీలో హైన్రిష్ ష్వాబె అనే మందుల దుకాణం ఆయన 1826 నుంచి, ఎండ కాసిన ప్రతిరోజూ సూర్యుణ్ని చూసి మచ్చలు గుర్తు వేసుకున్నాడు. ఆయన వెతికింది మచ్చల కోసం కాదు. బుధుడి కన్నా లోపల ఇంకో గ్రహం ఉండొచ్చు, అది సూర్యబింబానికి అడ్డం వచ్చినప్పుడు నల్ల చుక్కలా పట్టుబడుతుంది అనుకున్నాడు. ఆ గ్రహం లేదు, దొరకలేదు. పదిహేడేళ్ల తరవాత 1843లో తన పుస్తకాలు తిరగేస్తే మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని కనబడింది. తరవాతివాళ్లు దాన్ని పదకొండేళ్లని సరిచేశారు.

ఇక మన వైపుకు వద్దాం. 1868 ఆగస్టు 18న గుంటూరు, మచిలీపట్నం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. గుంటూరులో ఫ్రెంచివాడు జాన్సెన్ వర్ణపటదర్శినితో చూసి, సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు వేడి వాయువులని గుర్తించాడు. అప్పుడు కనబడిన పసుపు గీతే తరవాత హీలియం అనే కొత్త మూలకాన్ని పట్టిచ్చింది. ఇంగ్లండులో అదే గీతను గుర్తించిన నార్మన్ లాకియర్ పేరు మీకు పాఠంలో తగిలే ఉంటుంది. పాఠంలో చెప్పనిది ఒకటుంది. ఆ లాకియరే మన కరువులను సూర్యుడి మచ్చలతో ముడిపెట్టడానికి ప్రయత్నించాడు.

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఖాళీ అయిపోయాయి. మద్రాసు రాజధానిలో లక్షల మంది పోయారు. ఆ కరువు నడుస్తుండగానే, 1877లో, ప్రభుత్వ గణాంకాల పెద్ద విలియం హంటర్ మద్రాసులో 1813 నుంచి రాసిపెట్టిన వాన లెక్కలు తీసి, మచ్చలు తక్కువగా ఉండే ఏళ్లలో అక్కడ వాన తక్కువని వాదించాడు. లాకియర్, హంటర్ కలిసి దాని మీద వ్యాసం కూడా రాశారు. నిజంగానే 1878లో మచ్చలు అడుగంటాయి. ఈ వాదం నిజమైతే కరువు ఎప్పుడొస్తుందో పదేళ్ల ముందే తెలుస్తుంది, గింజలు దాచుకోవచ్చు. ఆ కాలానికి అంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది చెప్పండి.

ఆ ఆశ ఊరికే పోలేదు. సూర్యుడి వేడి ఎంత, అది మారుతోందా అన్నది కొలవాలని మన దేశ వాతావరణ శాఖ మొదటి అధికారి బ్లాన్‌ఫర్డ్ 1881లో సిఫారసు చేశాడు. ఆ ఒత్తిడి, మద్రాసు ఖగోళశాల పాతబడిపోవడం, అన్నీ కలిసి చివరికి కొడైకెనాల్ కొండ మీద సౌర పరిశోధనశాల 1899లో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నుంచి అక్కడ సూర్యుడి ఫొటోలు తీస్తూనే ఉన్నారు. గాజు పలకల మీద వందేళ్లకు పైబడిన సూర్యుడి ఆల్బం అది, ప్రపంచంలో అలాంటివి చాలా కొద్ది. కరువు వల్ల పుట్టిన ఆ సంస్థ మాత్రం వాన సంగతి తేల్చలేదు. తేల్చిన మనిషి గురించి చివర్లో చెబుతాను.

మచ్చలు అయస్కాంతాలని తెలిసింది 1908లో. దానికి ముందు 1896లో హాలెండులో జీమన్ అనే ఆయన, మండే వాయువును అయస్కాంతం నడుమ పెడితే దాని వర్ణపటంలో గీత చీలి రెండు మూడు గీతలవుతుందని చూపించాడు. చీలిక ఎంత వెడల్పుంటే అయస్కాంతం అంత బలమైనదని లెక్క. అమెరికాలో మౌంట్ విల్సన్ మీద జార్జ్ హేల్ సూర్యుడి మచ్చ నుంచి వచ్చే వెలుగులో సరిగ్గా అలాంటి చీలికను చూశాడు. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న అయస్కాంతాన్ని దాని వెలుగును బట్టి కొలవడం, నన్నడిగితే, ఇరవయ్యో శతాబ్దంలో జరిగిన గొప్ప కొలతల్లో ఒకటి. పెద్ద మచ్చ నడుమ సుమారు 3000 గాస్ తేలింది. మన ఊళ్లో దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రం అర గాస్ కూడా ఉండదు.

ఇక్కడ ఇంజనీర్లు కొంచెం పెదవి విరుస్తారు. మూడు వేల గాస్ మాకు పెద్ద అంకె కాదు, ట్రాన్స్‌ఫార్మరు ఇనుప గర్భంలో పదిహేడు వేల దాకా నడుపుతాం. ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రంలో పదిహేను వేలు మామూలు. నిజమే. కానీ మా ట్రాన్స్‌ఫార్మరు గది అంత ఉంటుంది, ఆ మచ్చలో భూమి మునిగిపోతుంది.

అయస్కాంతం ఉన్నచోట మచ్చ నల్లగా ఎందుకుండాలి? పొయ్యి మీద ఎసరు మరగడం చూశారు కదా. అడుగున వేడెక్కిన నీళ్లు పైకొచ్చి, చల్లబడి పక్కలకు దిగుతాయి. సూర్యుడి బయటి పొర, సుమారు రెండు లక్షల కిలోమీటర్ల మందాన, అలాగే మరుగుతూ ఉంటుంది. పైకి కనబడే ఒక్కో బుడగ వెయ్యి కిలోమీటర్ల వెడల్పు. కేంద్రంలో పుట్టిన వేడి ఈ మరుగుడు మీద ఎక్కి ఉపరితలానికి చేరుతుంది. అక్కడి వాయువు కరెంటును ప్రవహింపనిచ్చే వాయువు. అలాంటి వాయువు బలమైన అయస్కాంత రేఖలను అడ్డంగా దాటలేదు, దాటబోతే దానిలో పుట్టే కరెంటే దాన్ని వెనక్కి లాగుతుంది. మా మోటార్లలో, కరెంటు మీటర్లలో బ్రేకు పని చేసేది ఈ సూత్రం మీదే. కాబట్టి మూడు వేల గాస్ నిలబడి ఉన్నచోట మరుగుడు కుంటుపడుతుంది, కింది వేడి పైకి రాదు. చుట్టుపక్కల 5800 డిగ్రీల కెల్విన్ దాకా ఉంటే మచ్చ నడుమ 4000కు అటూ ఇటూగా ఉంటుంది. వెలువడే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పోతుందని పదకొండో తరగతి పిల్లలకు తెలుసు. లెక్క వేసుకుంటే మచ్చ నడిభాగం చుట్టుపక్కలతో పోలిస్తే నాలుగో వంతు కూడా వెలగదు. దాన్ని ఒంటరిగా తీసి ఆకాశంలో పెడితే కళ్లు చెదిరేలా వెలుగుతుంది, అది వేరే సంగతి.

మచ్చ ఆపిన వేడి ఏమవుతుంది అని తెలివైన పిల్లలు అడగాలి. మచ్చ చుట్టూ ఉంగరంలా ఎక్కువ వెలుగుగా బయటికి రావద్దా? రాదు. చెరువు తూముకు పలక అడ్డం వేస్తే ఆగిన నీళ్లు చెరువులోనే ఉంటాయి. చెరువు చాలా పెద్దదైతే మట్టం పెరిగిన సంగతే గట్టు మీదున్నవాడికి తెలియదు. సూర్యుడి మరుగుడు పొర అంత పెద్ద చెరువు. ఆగిన వేడి అందులో కలిసిపోయి, లక్ష ఏళ్ల లెక్కలో నెమ్మదిగా బయటికొస్తుంది. ఈ తూము పోలికను గుర్తుపెట్టుకోండి. సూర్యుడికి శక్తినిచ్చేది అయస్కాంతం కాదు, కేంద్రంలో హైడ్రోజన్ హీలియంగా మారడం. అయస్కాంతం చేసేది గేటు పని.

ఈ మాటతో అందరూ ఊహించేది ఒకటే. మచ్చలు ఎక్కువైతే సూర్యుడు మసకబారాలి. చాలామంది పండితులూ అదే అనుకున్నారు. తేల్చడానికి కొలవాలి. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్లు చార్లెస్ అబ్బట్ నడిపిన కాలంలో కొండల మీద, ఎడారుల్లో పరికరాలు పెట్టి దశాబ్దాల పాటు కొలిచారు. గాలి, దుమ్ము, తేమ ఆ కొలతల్ని సాగనివ్వలేదు. మారుతోందని అబ్బట్ నమ్మాడు గానీ, ఆయనకు కనబడిన మార్పులు మన గాలివే గాని సూర్యుడివి కావని తరవాత తేలింది.

1978 చివర నింబస్-7 ఉపగ్రహం, 1980లో సోలార్ మాక్సిమమ్ మిషన్ అనే ఉపగ్రహం వెళ్లాకే సంగతి స్పష్టమైంది. ఈ రెండోది 1980 ఫిబ్రవరి 14న బయల్దేరింది. సరిగ్గా రెండు రోజుల తరవాత, ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక మీదుగా వచ్చి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల గుండా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు జాపాల-రంగాపూర్‌లో దుర్భిణులు పెట్టుకుని కూర్చున్నారు. మా వయసువాళ్లను మాత్రం ఆ మధ్యాహ్నం ఇళ్లల్లో పెట్టి కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఈ హాలులో సగం మందికి ఆ దుప్పట్లు గుర్తుంటాయి.

ఆ ఉపగ్రహంలోని కొలత పరికరం నాకు భలే ఇష్టం. లోపల నల్లరంగు పూసిన ఒక శంకువు, దానికి చుట్టి చిన్న కరెంటు హీటరు. శంకువును ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచాలి. ముందు మూత వేసి, ఆ వేడికి ఎంత కరెంటు కావాలో చూస్తారు. మూత తీస్తే ఎండ శంకువులో పడి చిక్కుకుంటుంది, కరెంటు అంత తక్కువ చాలు. తగ్గించిన కరెంటు ఎంతో ఎండ అంత. ఎండను వాట్లలోకి మార్చే మధ్యవర్తి ఎవడూ లేడు, త్రాసులో ఒక పళ్లెంలో ఎండ, ఇంకో పళ్లెంలో కరెంటు. ఇంత చక్కటి పరికరాలు కూడా అసలు అంకె దగ్గర ఒకదానితో ఒకటి ఒప్పుకోలేదు. 1980ల పరికరాలు 1367, అంతకన్నా ఎక్కువ కూడా చెప్పాయి. 2003లో వెళ్లిన సోర్స్ ఉపగ్రహంలోని పరికరం 1361 అంది. పాతవాటిలో ముందు భాగం నిర్మాణం వల్ల చెదిరిన వెలుగు కొంత అదనంగా లోపలికి పోయేదని తరవాత తేల్చారు. పరికరాల మధ్య తేడా ఆరు వాట్లు, వెతుకుతున్నది ఒక్క వాట్. అందుకే ఒక ఉపగ్రహం పోయేలోగా ఇంకోటి పక్కన పని మొదలుపెట్టేలా, గొలుసు తెగకుండా చూసుకోవాలి. 1989 నుంచి 1991 దాకా ఆ గొలుసు ఒకచోట బలహీనపడింది. దాని మీద పండితుల తగాదా చాలా ఏళ్లు నడిచింది.

ఏం కనబడింది? పెద్ద మచ్చల గుంపు సూర్యబింబం నడుమకు వచ్చిన రోజుల్లో వెలుగు తగ్గుతోంది. ఇది ఊహించినదే. 2003 అక్టోబరు చివర భారీ మచ్చలు వచ్చినప్పుడు కొద్ది రోజులు 0.3 శాతం దాకా, అంటే నాలుగు వాట్లు తగ్గింది. కానీ 1980 నుంచి 1986 దాకా మచ్చలు తగ్గుతూ పోతుంటే వెలుగు పెరగలేదు, అదీ తగ్గుతూ పోయింది. మళ్లీ మచ్చలు పెరిగితే వెలుగూ పెరిగింది. మచ్చలు ఎక్కువున్న ఏళ్లలోనే సూర్యుడు ఎక్కువ వెలుగుతున్నాడు!

దీని రహస్యం మచ్చల చుట్టూ, మచ్చలు లేనిచోట్ల కూడా, వలలా పరుచుకునే సన్నటి వెలుగు మరకల్లో ఉంది. వాటిని ఫాక్యులే అంటారు, లాటిన్‌లో చిన్న దివిటీలని అర్థం. అవీ అయస్కాంతాలే. ఒక్కోటి వంద కిలోమీటర్ల వెడల్పున్న సన్నటి గొట్టం, అందులో వెయ్యి నుంచి పదిహేను వందల గాస్. అదే అయస్కాంతం మచ్చలో వెలుగును ఆపి, ఇక్కడ పెంచుతుందా? అవును, వెడల్పు తేడా వల్ల. అయస్కాంత క్షేత్రానికి తనదైన ఒత్తిడి ఉంటుంది. సూర్యుడి ఉపరితలం దగ్గర వాయువు పీడనం మన వాతావరణంలో సుమారు పదో వంతు. పదిహేను వందల గాస్ ఇచ్చే ఒత్తిడి దాదాపు అంతే. బయటి ఒత్తిడిని తట్టుకోవడానికి గొట్టంలో అయస్కాంతమే చాలు కాబట్టి లోపల వాయువు పలచబడుతుంది. పలచబడితే లోతుకు కనబడుతుంది. బావిలోకి ఏటవాలుగా చూస్తే ఎదుటి గోడ కనబడినట్టు, ఆ గొట్టం పక్కగోడ, లోపలి వేడి గోడ, మనకు కనబడుతుంది. గొట్టం సన్నం కాబట్టి పక్కల నుంచి వేడి లోపలికి బాగా చేరుతుంది. మచ్చ వేల కిలోమీటర్ల వెడల్పు, దాని నడుమకు పక్కల వేడి చేరదు. ఫాక్యులేలు సూర్యబింబం నడుమ కన్నా అంచుల దగ్గర బాగా మెరవడానికీ కారణం ఇదే. అంచున మనం చూసేది ఏటవాలుగా కదా.

ఒక్కో దివిటీ వెలుగు కొంచెమే. కానీ అవి మచ్చల కన్నా ఎన్నో రెట్లు విస్తీర్ణంలో పరుచుకుంటాయి, మచ్చ కరిగిపోయాక కూడా వారాల పాటు ఉంటాయి. పదకొండేళ్ల లెక్కలో మచ్చలు తీసేసుకున్న దానికి దాదాపు రెండింతలు దివిటీలు తిరిగి ఇస్తాయి. మిగులు ఆ ఒక్క వాట్. సూర్యుడి మీది అయస్కాంత పటాలను రోజూ తీసుకుని, మచ్చలకింత, దివిటీలకింత అని లెక్క కడితే ఉపగ్రహం కొలిచిన హెచ్చుతగ్గుల్లో 90 శాతానికి పైగా సరిపోతాయి. ఇది సూర్యుడికే సొంతం కూడా కాదు. వయసు మళ్లిన నక్షత్రాలు సూర్యుడిలాగే మచ్చలు పెరిగితే వెలుగుతాయి. పడుచు నక్షత్రాలకు మచ్చలు మరీ పెద్దవి, వాటిలో మచ్చలదే పైచెయ్యి, అవి మసకబారతాయి.

ఈ అయస్కాంతం ఎక్కడ తయారవుతుందో రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. సూర్యుడు గట్టి గోళం కాదు. నడుము దగ్గర సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరిగితే ధ్రువాల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి ఉన్న అయస్కాంత రేఖలు నడుము దగ్గర ముందుకు లాగబడి, రాట్నం మీద నూలులా సూర్యుడి చుట్టూ చుట్టుకుంటాయి. చుట్టు బిగిసేకొద్దీ బలం పెరుగుతుంది. కొన్నిచోట్ల పోగు తేలి ఉపరితలం చీల్చుకుని బయటికొస్తుంది. పైకొచ్చినచోట ఒక మచ్చ, మళ్లీ లోపలికి దిగినచోట ఇంకో మచ్చ, ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. మచ్చలు ఎక్కువున్న కాలంలోనే ధ్రువాలు తారుమారవుతాయి, కాబట్టి అసలు చక్రం పదకొండేళ్లు కాదు, ఇరవై రెండేళ్లు. మా భాషలో ఇది డైనమో. కేసింగు లేదు, బేరింగు లేదు, తీగ చుట్టినవాడు లేడు, ఒకసారి చుట్టిన చుట్టు ఇంకోసారి చుట్టదు. అందుకే వచ్చే చక్రం ఎంత బలంగా ఉంటుందో చెప్పడంలో పెద్దవాళ్లు కూడా తడబడుతుంటారు.

అన్ని రకాల వెలుగూ ఒకేలా మారదు. కంటికి కనబడే వెలుగులో 0.1 శాతమే. అతినీలలోహితంలో కొన్ని కిరణాలు ఒకటిన్నర రెట్లు అవుతాయి, ఎక్స్ కిరణాలు పదుల రెట్లు పెరుగుతాయి. అవి పుట్టేది ఉపరితలం పైన, అయస్కాంతం ఏలే వేడి పొరల్లో. అదృష్టం కొద్దీ అవి నేలకు చేరవు, మన పై గాలిలోనే ఇంకిపోతాయి. ఇంకి, దాన్ని వేడెక్కించి ఉబ్బిస్తాయి. ఆ ఉబ్బిన గాలి కిందికి తిరిగే ఉపగ్రహాలకు అడ్డు తగులుతుంది.

పెద్దవాళ్లు స్కైలాబ్‌ను మరిచిపోలేదు కదా? ఇక చచ్చిపోతామని ఉన్న కోళ్లన్నీ కోసుకు తిన్నారనీ, అప్పులవాడు అప్పు అడగడం మానేశాడనీ మన ఊళ్లల్లో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అది అనుకున్నదాని కన్నా ముందే కింద పడటానికి కారణం ఇదే. ఆ చక్రంలో సూర్యుడు అంచనాల కన్నా చురుగ్గా ఉన్నాడు, పై గాలి ఉబ్బింది, స్కైలాబ్ వేగం చచ్చింది. 1979 జులై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. సూర్యుణ్ని కొలవడానికి వెళ్లిన సోలార్ మాక్సిమమ్ ఉపగ్రహం కూడా తరవాతి చక్రం ఉధృతిలో, 1989 డిసెంబరులో, అలాగే పడిపోయింది.

ఇక వాట్సాప్ ప్రశ్న. వేడెక్కడం సూర్యుడి వల్లేనా? గుండ్రటి భూమి మీద పంచి, తిప్పికొట్టే వెలుగు తీసేస్తే ఆ ఒక్క వాట్ కాస్తా వాట్‌లో ఐదో వంతు దగ్గరకు వస్తుంది. మన పొగ, ఇతర మానవ కార్యకలాపాలు కలిసి పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 2019 నాటికి అదనంగా పెట్టింది సుమారు 2.7 వాట్లు. సూర్యుడిది పెరిగి తగ్గిపోతుంది, మనది పేరుకుంటూ పోతోంది. 1978 నుంచి ఉపగ్రహాల లెక్కలో సూర్యుడి వెలుగు పెరుగుతూ పోయిన జాడ లేదు, భూమి మాత్రం వేడెక్కుతూ వచ్చింది. ఇంకో సాక్ష్యం ఉంది. సూర్యుడే కారణమైతే పై గాలీ కింది గాలీ రెండూ వేడెక్కాలి. కొలతల్లో కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి మందమైనప్పుడు జరిగేది అదే. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు లేవు, గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతికి పోయింది ఆ కాలంలోనే. అప్పుడు యూరపులో చలి ముదిరిన మాట నిజం, అందులో సూర్యుడి వాటా కొంత ఉండొచ్చు. అలాంటి కాలం మళ్లీ వచ్చినా మన 2.7ను అది మింగలేదు. గ్రూపులో ఈ ఫార్వర్డు పెట్టిన తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, భోజనాల్లో నా పక్కన కూర్చోమని మనవి.

వానల ప్రశ్న మిగిలింది. 1904లో మన దేశ వాతావరణ శాఖకు వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి. గుమాస్తాలను కూర్చోబెట్టి ప్రపంచంలో దొరికిన లెక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టించాడు. మచ్చలకూ మన వానలకూ మధ్య నమ్మదగిన సంబంధం తేలలేదు. ఆ లెక్కల్లోనే పసిఫిక్ సముద్రం మీద గాలి పీడనం ఒకవైపు పెరిగితే ఒకవైపు తగ్గే ఊయల బయటపడింది. ఇప్పుడు మనం ఎల్‌నినో అని వింటున్న కథలో అది సగం. వాకర్ కళ్ల ముందే 1917లో మచ్చలు నిండుగా ఉన్నప్పుడు దేశంలో వానలు విరగబడ్డాయి, మరుసటి ఏడు, మచ్చలు ఇంకా నిండుగానే ఉండగా, ఘోరమైన అనావృష్టి. మన కాలంలో 2002 కరువు మచ్చలు నిండుగా ఉన్నప్పుడు వచ్చింది, 2009 కరువు మచ్చలు లేనప్పుడు వచ్చింది. ఆ 2009లోనే, సూర్యుడి ముఖం చాలా రోజులు అద్దంలా ఖాళీగా ఉన్న ఏడాదే, అక్టోబరు మొదట్లో తుంగభద్ర కర్నూలును ముంచేసింది. ఒకే సూర్యుడి కింద, ఒకే ఏడాది, కరువూ వరదా. కాబట్టి పెద్దలకు నా జవాబు: మచ్చలను చూసి విత్తనం వేయొద్దు. హంటర్ ఆశపడిన పదేళ్ల ముందుచూపు మనకింకా చేతికి రాలేదు.

కొలిచే పని మాత్రం ఇప్పుడు మన చేతిలోనూ ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటికి చేరింది. పుణె వాళ్లు చేసిన దుర్భిణి అందులో నుంచి సూర్యుణ్ని అతినీలలోహితంలో ఫొటోలు తీస్తోంది. మచ్చలు, దివిటీలు బాగా తేడా కనబడేది ఆ వెలుగులోనే. కొడైకెనాల్ గాజు పలకల తరవాతి పేజీలు అక్కడ నుంచి వస్తున్నాయి.

చివరగా పిల్లలకు. సైన్సు గది వరండాలో చిన్న దుర్భిణి పెట్టించాం. అందులో కన్ను పెట్టి సూర్యుణ్ని చూడకూడదు, ఎవరు చూడమన్నా చూడకూడదు, క్షణంలో చూపు పోతుంది. అందుకే పక్కనున్న చిన్న గురి దుర్భిణికి మూత బిగించేశాం. కంటి దగ్గరి కటకానికి ఒక జానెడు వెనక తెల్ల అట్ట పెట్టాం, సూర్యబింబం దాని మీద అరచేయంత పడుతుంది. 2024లో పతాకస్థాయికి చేరిన చక్రం ఇది, ఇంకా మచ్చలు దొరుకుతాయి. రేపు పొద్దున ఎనిమిదింటికి, ఎండ చురుక్కుమనక ముందే, సైన్సు సారు అక్కడుంటారు. బింబం చుట్టూ పెన్సిలుతో గీత గీయండి, మచ్చ ఉన్నచోట చుక్క పెట్టండి, మూలన తేదీ, టైము రాయండి. మర్నాడు అదే కాగితం మీద ఇంకో రంగుతో పెట్టండి, చుక్క ఎటు జరిగిందో చూడండి. వారం రోజులు పెడితే సూర్యుడు ఎన్నాళ్లకు ఒక చుట్టు తిరుగుతాడో మీరే లెక్క కట్టగలరు. మబ్బు పడిన రోజు "మబ్బు" అని రాయండి, ఆ గడి ఖాళీగా వదలొద్దు.